ఫిరౌను మునిగిన తరువాత

(ఆగస్టు 15కు ముందటి శుక్రవారం అన్నవరంలో చేసిన జుమా ప్రసంగ పాఠం)

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. శాంతి శుభాలు అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులందరిపైన వర్షించుగాక.



వచ్చే వారం మన పిల్లలు చొక్కా జేబుకు మూడు రంగుల జెండా గుచ్చుకుని బడికి వెళ్తారు. దేశం స్వతంత్రమై ఎనభై ఏళ్ళు కావస్తున్నది. ఏటా ఈ శుక్రవారం నాడు స్వాతంత్ర్య సమరంలో పాల్గొన్న మన పెద్దల పేర్లు చదివి, వారి కోసం దుఆ చేసి ముగించడం ఆనవాయితీ. ఈసారి ఆ పట్టిక చదవబోవడం లేదు. ఒక కాగితం గురించి చెప్పాలనుకుంటున్నాము.

కొన్ని నెలల క్రితం ఒక పెద్దమనిషి తన కుమారునికి సంబంధం చూడమని కోరుతూ అబ్బాయి వివరాల కాగితం మా చేతికి ఇచ్చారు. ఊరు పేరు చెప్పము. దయచేసి ఎవరూ పక్క వరుస వైపు చూడవద్దు, అది మన ఊరి సంగతి కాదు. చదువు, ఉద్యోగం, జీతం, ఎత్తు, రంగు అన్నీ అందులో ఉన్నాయి. వంశం అన్నచోట, ఆ కుటుంబం అరబ్బు దేశం నుండి ఓడలలో వచ్చిన వర్తకుల సంతతి అని అచ్చు వేయించి ఉన్నది. ఆ అబ్బాయి తాతగారిని మేము ఎరుగుదుము. ఆయనా, మా తాతగారూ కలిసి దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగినవారు. ఒక ఇంట పరుపు కుట్టి, మరొక ఇంట దిండ్లు నింపి, సాయంత్రానికి గడ్డం నిండా దూది నూగుతో ఇల్లు చేరేవారు. ఆయన ఏ ఓడా ఎక్కలేదు. ఎక్కినదల్లా గోదావరి దాటే పడవ.

ఆ కాగితం తిరిగి ఇచ్చేటప్పుడు మేము ఆ పెద్దమనిషిని ఏమీ అనలేకపోయాము. ఎందుకు అనలేకపోయామో తరువాత చెబుతాము. ముందుగా, ఒక మనిషి తన సొంత తాతను కాగితం మీద చెరిపివేసేంత సిగ్గు ఎక్కడి నుండి వస్తుందో చూద్దాము.

దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నింటికంటె ఎక్కువసార్లు పేరు వచ్చిన ప్రవక్త హజ్రత్ మూసా (అలై). ఆయన కథను మనం సాధారణంగా సముద్రం చీలిన చోట, ఫిరౌను మునిగిన చోట ఆపివేస్తాము. పిల్లలకూ అంతవరకే చెబుతాము. ఖుర్‌ఆన్ మాత్రం అక్కడ ఆగలేదు. సముద్రం దాటి ముందుకు సాగిన ఇస్రాయీల్ సంతతి దారిలో ఒక జాతిని చూసి, వారికి ఉన్నటువంటి దేవుణ్ణే మాకూ చేసిపెట్టమని మూసా (అలై)ను అడిగిందని ఆరాఫ్ సూరా 138వ ఆయత్ తెలుపుతున్నది. నిన్నటిదాకా వారిని అణగదొక్కినవాడు కళ్ళముందే మునిగిపోయాడు. వారిని కాపాడిన ప్రభువు ఎవరో వారికి తెలియనిది కాదు. అయినా ఎవరిని చూస్తే వారిలా ఉండాలన్న ఆరాటం పోలేదు. మరికొంత దూరం వెళ్ళాక, ఆకాశం నుండి దిగిన ఆహారం చాలదనీ, కూరగాయలు, వెల్లుల్లి, పప్పు, ఉల్లి కావాలనీ గొడవ చేశారు. అది బఖరా సూరా 61వ ఆయత్‌లో ఉన్నది. బానిసలుగా తిన్న తిండి మీద మమకారం అది. చివరకు, అల్లాహ్ వాగ్దానం చేసిన నేలలో అడుగుపెట్టమంటే, అక్కడ బలవంతులున్నారు, మేము వెళ్ళలేము అన్నారు. మూసానూ ఆయన ప్రభువునూ వెళ్ళి పోరాడుకోమన్నారు. అందుకు ఫలితంగా నలభై ఏళ్ళు ఎడారిలో తిరిగారు. మాయిదా సూరాలో, 20 నుండి 26వ ఆయత్ వరకు, ఈ వృత్తాంతం ఉన్నది.

నలభై ఏళ్ళే ఎందుకు? ట్యునిస్‌లో పుట్టిన మహా పండితుడు ఇబ్నె ఖల్దూన్ 1377లో రాసిన ముఖద్దిమాలో దీనికి ఒక వివరణ ఇచ్చారు. బానిసత్వంలో పుట్టి పెరిగిన తరం గతించి, అణచివేత రుచి తెలియని కొత్త తరం ఎదగడానికి అంత కాలం పడుతుందన్నారు. అదే గ్రంథంలో మరొక మాట కూడా ఉన్నది. ఓడినవాడు గెలిచినవాణ్ణి వేషంలో, నడవడికలో, అలవాట్లలో అనుకరిస్తాడట. గెలిచినవాడు గెలవడానికి కారణం అతనిలోని పరిపూర్ణతే అని ఓడినవాని మనసు నమ్ముతుంది కనుక. మదరసాలో ఆ పాఠం చదివినప్పుడు మాకు అది ఏదో స్పెయిన్ సంగతిలా అనిపించింది. ఆయన గోదావరి జిల్లా గురించి రాశారని చాలా ఆలస్యంగా అర్థమైంది.

1947 నుండి లెక్క వేస్తే మన మొదటి నలభై ఏళ్ళు 1987లో పూర్తయ్యాయి. రెండవ నలభై పూర్తి కావస్తున్నది. మనం ఇంకా ఎడారిలోనే ఉన్నాము.

సోదరులారా! మన డెల్టాలో ఈ కథ బట్టతో మొదలైంది. నరసాపురం పక్కన మాధవాయిపాలెం అనే ఊరున్నది. 17వ శతాబ్దంలోనే ఇంగ్లీషు కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టింది. తరువాత యానాం దగ్గర ఇంజరంలోనూ పెట్టింది. మన నేతగాళ్ళు నేసిన మెత్తని తెల్ల గుడ్డ అక్కడి నుండి ఓడలెక్కి ఐరోపాకు వెళ్ళేది. ఆ గుడ్డకు ఊరి పేరే పేరయింది. మాధవాయిపాలెం వారి నోటిలో 'మాడపొల్లం'గా మారి, ఇంగ్లీషు నిఘంటువులలో ఈనాటికీ ఒక రకం నూలుగుడ్డ పేరుగా నిలిచి ఉన్నది. ఇంతవరకు గర్వించవలసిన సంగతే. ఆ తరువాత లాంకషైర్ మిల్లులు అదే పేరుతో యంత్రాల మీద గుడ్డ నేసి మన దేశానికే పంపి అమ్మాయి. మన ఊరి పేరు ముద్రవేసిన పరాయి గుడ్డను మనమే కొని కట్టుకున్నాము. ఏకు మేకైంది అంటారు తెలుగువారు. ఏకు అంటే మన తాతల చేతి దూది చుట్టయే కదా! ఆ సామెత ఇంత అచ్చంగా సరిపోయే చరిత్ర మరొకటి మాకు తెలియదు.

1833 చార్టర్ చట్టంతో కంపెనీ వ్యాపారమే మానివేసింది. అంతకు ముందే గుడ్డ కొనుగోళ్ళు తగ్గిపోయి మగ్గాలు మూలపడుతూ వచ్చాయి. రాజమహేంద్రవరం జిల్లా జనాభా 1821లో ఏడు లక్షలకు పైబడి ఉండగా 1841 నాటికి ఐదున్నర లక్షల చిల్లరకు పడిపోయింది. కరువులు, 1839 నాటి కోరంగి ఉప్పెన, వలసలు, శిస్తు భారం, నేతపని దెబ్బతినడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మిల్లు నూలు వచ్చిన తరువాత నూలు వడికేవారికి ఏకులు చేసి ఇచ్చే పని తగ్గింది. దూదేకులవారికి పరుపులు, దిండ్లు మిగిలాయి.

పని పోవడం ఒక నష్టం. పోయిన పని పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడటం అంతకంటె పెద్ద నష్టం. దూది ఏకేవానికి తెలుగులో ఉన్న మరొక పేరు పింజారి. ఆ మాట ఈనాడు వీధిలో ఎలా వినబడుతుందో మీకు తెలుసు, తిట్టుగానే వినబడుతుంది. నిజాయితీగా చెమటోడ్చి బతికిన ఒక వృత్తి పేరు తిట్టు అయింది, ఆ వృత్తిలో పుట్టినవాడు తల దించుకున్నాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ మాత్రం దించుకోలేదు. బుర్రకథతో తెలుగునేలను ఊపిన మనిషి ఆయన, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. సంగీతం, నటనల విషయంలో ధర్మశాస్త్ర చర్చ వేరుగా ఉన్నది, దానిలోకి ఇప్పుడు వెళ్ళము. లోకం రాయిగా విసిరిన మాటను ఆ మనిషి తన పుస్తకం అట్ట మీద పేరుగా పెట్టుకున్నారు. ఆ ధైర్యం గురించే మేము చెబుతున్నది.

బట్ట తరువాత బడి. 1835లో మెకాలే అనే అధికారి కలకత్తాలో ఒక నివేదిక రాశాడు. మంచి ఐరోపా గ్రంథాలయంలోని ఒక్క అర భారతదేశపు, అరేబియా దేశపు సాహిత్యమంతటికీ సరితూగుతుందన్నది అందులోని ప్రసిద్ధమైన వాదం. గమనించండి, ఒకే వాక్యంలో మన ఇంటినీ, మన ధర్మభాషనూ కలిపి తూచాడు. అదే నివేదికలో తనకు సంస్కృతం గాని అరబ్బీ గాని రావని ఆయనే ఒప్పుకున్నాడు. తెలియని సరుకుకు ధర కట్టేవాణ్ణి తుని సంతలోనైనా ఎవరూ నమ్మరు. మన దేశంలో మాత్రం ఆ ధరల పట్టిక మీద బడులు వెలిశాయి.

బడి తరువాత పద్దు పుస్తకం. 1901 జనాభా లెక్కలలో కులాలను సమాజంలోని హెచ్చుతగ్గుల ప్రకారం వరుసలో నిలబెట్టే ప్రయత్నం జరిగింది. మద్రాసు మ్యూజియం అధిపతి థర్స్టన్ కొలత పరికరాలు పట్టుకుని తిరిగి, మనుషుల తలల, ముక్కుల పొడవు వెడల్పులు కొలిచి, 1909లో ఏడు సంపుటాల గ్రంథం అచ్చు వేయించాడు. అందులో దూదేకులవారికీ ఒక పద్దు ఉన్నది. న్యాయంగా మాట్లాడాలి గనుక ఒక మాట చెప్పాలి. మనుషులను ఎక్కువ తక్కువలుగా తూచే తూకపురాయిని తెల్లవాడు ఓడలో తేలేదు. అష్రాఫ్ అనీ, అజ్లాఫ్ అనీ మన ముస్లింలలోనే ఒక రాయి ముందే ఉన్నది. అతను దానికి సర్కారు ముద్ర వేశాడు. ముద్ర పడిన తరువాత, పై వరుసలో పేరు రాయించుకోవడానికి ప్రతివాడూ ఏదో ఒక ఓడ ఎక్కవలసి వచ్చింది.

ఇక మనకు దగ్గరి పట్టణమైన కాకినాడ సంగతి. 1907 మే నెలాఖరున, దారిలో 'వందేమాతరం' అన్నందుకు ఒక విద్యార్థిని కెంప్ అనే తెల్ల వైద్యాధికారి స్పృహ తప్పేలా కొట్టాడు. ఆ నినాదంలోని పదాల విషయంలో మన పండితుల అభ్యంతరాలు వేరు. అది ఇక్కడ విషయం కాదు. ఒక పిల్లవాని నోటి మాటకు దొర చేయి లేచింది. ఆ రాత్రి కాకినాడ జనం లేచి ఇంగ్లీషు క్లబ్బు మీద పడ్డారు. క్లబ్బు పగలగొట్టడాన్ని మింబర్ మీద నుండి మెచ్చుకోవడం లేదు. తమ పిల్లవాని నోరు నొక్కితే ఊరంతటికీ నొప్పి పుట్టిన రోజు అది అని మాత్రం చెబుతున్నాము.

ఇప్పుడు 2009కి రండి. కడప జిల్లా మైదుకూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో పలకలు వేలాడదీశారు. ఇక ఎన్నడూ తెలుగు మాట్లాడను అని వాటి మీద రాసి ఉన్నది. కొంత అలజడి రేగింది, పత్రికలలో వచ్చింది, చల్లారింది. వేలాడదీసినవాడు కెంప్ దొర కాదు. ఆ బడికి ఫీజు కట్టినవారు ఆ పిల్లల తల్లిదండ్రులే. నూట రెండేళ్ళలో దొర చేతిలోని కర్ర మన చేతికి మారింది.

మన అన్నవరానికే 1923 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు తన మన్యం అనుచరులతో వచ్చి పోలీసు ఠాణా మీద పడ్డారు. అడవి చట్టాలతో పోడు పోగొట్టుకుని, రోడ్డు పనులలో వెట్టి చాకిరీ చేసి విసిగిన మనుషులు వారు. వారిలో చాలామందికి అక్షరం రాదు. మెకాలే బడి గాలి ఎవరికి తక్కువ సోకిందో వారిలోనే వెన్నెముక నిటారుగా ఉండటం మమ్మల్ని ఆలోచింపజేస్తుంది.

అయితే చదువు మానాలా, ఇంగ్లీషు వదలాలా? అదే ఏడాది డిసెంబరులో కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు మహాసభ జరిగింది. అధ్యక్షులు మౌలానా ముహమ్మద్ అలీ. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవారు. 'కామ్రేడ్' పత్రికను ఇంగ్లీషులోనూ, 'హమ్దర్ద్' పత్రికను ఉర్దూలోనూ నడిపినవారు. తెల్లవాని భాషను తెల్లవాని కంటె సొగసుగా రాసి, దానితోనే అతని ఏలుబడిని ప్రశ్నించినవారు. ఇంగ్లీషు ఆయన చేతిలో పనిముట్టు. మనవాళ్ళలో చాలామందికి అది నెత్తిమీది కిరీటం, లేదా మెడలోని పలక. మీ పిల్లలకు ఇంగ్లీషు బాగా నేర్పించండి. నేర్పించే పేరుతో, ఇంట్లో నానమ్మ మాట్లాడే మాట తక్కువది అని మాత్రం నేర్పించకండి.

కాటన్ దొర మాట ఎత్తకుండా గోదావరి జిల్లాలో ఈ విషయం ముగించలేము. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన ఇంజనీరు ఆయన. మనం తింటున్న అన్నంలో ఆయన శ్రమ ఉన్నది. గోదావరిలో స్నానం చేస్తూ ఆయన పేరు తలచుకున్న పండితులు ఉండేవారని చెప్పుకుంటారు. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాడని దైవప్రవక్త (స) బోధించారు గనుక ఆ మేలు మరువరాదు. కాని ఆ దొర రాకపోతే మనం అన్నం ముఖం చూసేవాళ్ళమే కాదు అనే మాట వింటే మాకు ముల్లు గుచ్చుకున్నట్లు ఉంటుంది. ఇసుకలో పునాది నిలపడం ఎలాగో కావేరి మీద చోళులు కట్టిన పాత ఆనకట్ట చూసి నేర్చుకున్నామని కాటనే నిజాయితీగా ఒప్పుకున్నాడు. ధవళేశ్వరంలో ఆయన పక్కన నిలిచి, పనివారిని కూడగట్టి పని నడిపించిన వీణెం వీరన్న అనే తెలుగు ఇంజనీరు ఉన్నారు. రాయ్ బహదూర్ బిరుదు పొందినవారు. ఈ మస్జిద్‌లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? చేతులెత్తమని అడగము, ఎందుకంటే మాకూ చాలాకాలం తెలియదు. ఇక రాళ్ళు మోసిన వేలమంది కూలీల సంగతి సరేసరి. కాటన్ విగ్రహం తీసివేయమని ఎవరూ అనడం లేదు. దొర పేరు నాలుక చివరన ఉండి, మనవాని పేరు నాలుకకు అందకపోవడమే మేము చెబుతున్న జబ్బు.

భాష విషయంలో మన ముస్లింల జబ్బు మరికొంచెం చిక్కుది. మనం ఇంగ్లీషు ముందు ఉర్దూకు సిగ్గుపడతాము, ఉర్దూ ముందు తెలుగుకు సిగ్గుపడతాము. ప్రతి ప్రవక్తనూ అతని జాతి భాషలోనే పంపామని అల్లాహ్ ఇబ్రాహీమ్ సూరా 4వ ఆయత్‌లో తెలిపాడు. మన భాషలలోని, రంగులలోని తేడాలను తన సూచనలుగా రూమ్ సూరా 22వ ఆయత్‌లో పేర్కొన్నాడు. అల్లాహ్ తన సూచన అన్నదాన్ని చూసి సిగ్గుపడటం ఎంత సాహసమో ఆలోచించండి. దివ్య ఖుర్‌ఆన్‌ను మొదటిసారి తెలుగులోకి తెచ్చినవారు ఒక ముస్లిం ఆలిమ్ కాదు, చిలుకూరి నారాయణరావు అనే హిందూ పండితులు. అల్లాహ్ ఆయన శ్రమను ఎలా స్వీకరించాడో ఆయనకే తెలుసు. మాకు మాత్రం ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా కొంత కృతజ్ఞత, కొంత సిగ్గు కలుగుతాయి. సిగ్గుపడవలసిన చోటు ఇదీ! పక్కనున్న పిఠాపురంలో ఉమర్ ఆలీషా గారు పారశీకం నుండి ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు పద్యాలలోకి తెచ్చారు. అరబ్బీ, ఫారసీ ఎరిగి తెలుగు పద్యం రాసిన ముస్లిం. 1945లో మరణించేవరకు కేంద్ర శాసనసభలో సభ్యులు. ఆయన తాత్విక మార్గంతో మేము ఏకీభవించని చోట్లు ఉన్నాయి. ఆయన తెలుగు ముందు మాత్రం తల వంచుతాము.

ఇక, ఆ పెళ్ళి కాగితం ఇచ్చిన పెద్దమనిషిని మేము ఎందుకు మందలించలేకపోయామో చెప్పవలసి ఉన్నది.

మేము చిన్నతనంలో ఉత్తరాదిలోని ఒక మదరసాలో చేరాము. మా ఉర్దూలో గోదావరి యాస ఉండేది. తోటి విద్యార్థులు నవ్వేవారు. ఏ ఊరు అంటే అన్నవరం వైపు అనడం మానివేసి, హైదరాబాద్ వైపు అనడం మొదలుపెట్టాము. మా నాన్నగారికి ఉర్దూ రాయడం రాదు. పల్లెబడిలో నేర్చిన తెలుగు అక్షరాలతో నెలకొక ఇన్లాండ్ ఉత్తరం రాసేవారు. వానలు పడ్డాయా లేదా, అమ్మ ఆరోగ్యం, పరుపుల పని ఎలా ఉన్నది, నమాజు మానవద్దు, దీవెనలు. అంతే. ఆ ఉత్తరాలను మేము స్నానాల గది తలుపు వేసుకుని చదివేవాళ్ళము. చదివి మడిచి పెట్టె అడుగున దాచేవాళ్ళము.

ఒకనాడు ఒక ఉత్తరం మా కితాబులోంచి జారి పడింది. తోటి విద్యార్థి తీసి చూసి, ఈ జిలేబీల రాత ఏమిటి, ఎవరు రాశారు అని అడిగాడు. మా ఊరిలో ఒక హిందూ పొరుగాయన రాశారు అన్నాము.

సోదరులారా! తండ్రి కాని వానిని తండ్రి అని తెలిసీ చెప్పుకున్నవానికి స్వర్గం నిషిద్ధమని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉన్నది. ఆ రాతను మా నాన్నది కాదన్న సంవత్సరంలోనే మేము ఆ హదీసును అరబ్బీలో కంఠస్థం చేసి ఉస్తాదుకు అప్పజెప్పి మెప్పు పొందాము. మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, మెడలో పలక కట్టలేదు. మాకు మేమే కట్టుకున్నాము. నాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆ సంగతి ఆయనకు చెప్పి క్షమాపణ కోరలేదు. అందుకే ఆ పెద్దమనిషి కాగితం మా చేతిలో ఉన్నప్పుడు మాట పెగలలేదు.

ఇప్పుడు ఈ మింబర్ మీద నుండి చెబుతున్నాము, ఆయనకూ, మాకూ, మీకూ. ఇది మర్యాదకు సంబంధించిన చిన్న విషయం కాదు, ఈమాన్‌కు సంబంధించిన విషయం. తాత పేరు మార్చి వంశం అతికించుకునేవాడు, అల్లాహ్ తనను పుట్టించిన చోటును తప్పుపడుతున్నాడు. దావూద్ (అలై) రాజై ఉండి కూడా తన చేతి కష్టం తిన్నారు. జకరియ్యా (అలై) వడ్రంగి. వడ్రంగం చేసిన ప్రవక్తను నమ్మేవానికి దూది ఏకిన తాత తక్కువెలా అవుతాడు? సహాబాల పేర్లు చూడండి. బిలాల్ హబ్షీ, సల్మాన్ ఫార్సీ, సుహైబ్ రూమీ. ఇస్లాం ఆ నేలల గుర్తును వారి పేరులోంచి కోసివేయలేదు. అరబ్బు మధ్యలో నిలిచి బిలాల్ (రజి) అజాన్ ఇచ్చారు, హబ్షీగానే ఇచ్చారు. అబూజర్ (రజి) ఒకరిని అతని తల్లి జాతి ఎత్తి దెప్పిపొడిచినప్పుడు, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం ఉన్నదని దైవప్రవక్త (స) ఆయనను మందలించారు. పక్కవాని తల్లిని దెప్పడం అజ్ఞానకాలపు గుణమైతే, సొంత తల్లిని దాచడాన్ని ఏమనాలి?

ఇంత చెప్పాక కొందరు మీసం మెలేసి, మాదే గొప్ప పుట్టుక అని బయలుదేరుతారని మాకు తెలుసు. ఆ తలుపు కూడా మూసి ఉన్నది. అరబ్బుకు అరబ్బేతరునిపైనా, అరబ్బేతరునికి అరబ్బుపైనా ఆధిక్యం లేదు, దైవభీతి వల్ల తప్ప. తాతల పేరు మీద గొప్పలు చెప్పుకోవడమూ నిషిద్ధమే. తాతను దాచేవాడూ, తాతను ఊరేగించేవాడూ ఇద్దరూ మనుషుల మెప్పు కోసమే పాకులాడుతున్నారు. మొదటివాడు మన మధ్య ఎక్కువ గనుక ఈనాడు అతని సంగతి ఎక్కువ చెప్పాము.

మన వేషం ఎలాంటిదో చూడండి. తహసీల్దారు కార్యాలయంలో ధ్రువపత్రం కోసం వరుసలో నిలబడి దూదేకుల అని అచ్చుతప్పు లేకుండా రాయిస్తాము, బి.సి. 'బి' వర్గం గనుక. సీటు రావాలి, ఉద్యోగం రావాలి. తప్పు లేదు, అది చట్టం ఇచ్చిన హక్కు. అదే అబ్బాయి పెళ్ళి కాగితంలో ఆ మాట ఆవిరైపోతుంది. సర్కారుకు ఒక తాత, వియ్యంకునికి మరొక తాత! ఈ మాటకు ఇప్పుడు నవ్వినవారు ఇంటికి వెళ్ళాక తమ బీరువాలోని కాగితాలు ఒకసారి తీసి చూసుకోవాలి.

బంధుత్వాలు నిలుపుకోవడానికి కావలసినంత మేరకు మీ వంశవృక్షాలను తెలుసుకోండని దైవప్రవక్త (స) ఆదేశించారు. తిర్మిజీలో ఆ హదీసు ఉన్నది. దాని ప్రకారం ఒక పని మొదలుపెట్టాము. వజూఖానా పక్క అల్మరాలో, ఖుర్‌ఆన్ ప్రతుల కింది అరలో, ఒక పెద్ద నోటుపుస్తకం పెట్టించాము. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క పుట. పేరు, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత తెలిస్తే ముత్తాత, ఏ ఊరు, ఏ పని చేసేవారు, ఇంట్లో ఏ భాష మాట్లాడేవారు. రాయడం రానివారు అసర్ నమాజు తరువాత వస్తే మేము రాస్తాము, తెలుగులోనే రాస్తాము. ముసలివారిని తీసుకురండి, తొందరగా తీసుకురండి. పిల్లలను కూడా తెచ్చి పక్కన కూర్చోబెట్టండి. వారికి వేరే పాఠం చెప్పనక్కరలేదు, వింటే చాలు.

మొదటి పుట మేము నింపాము. తాత చేసిన పని అన్నచోట దూది ఏకడం, పరుపులు కుట్టడం అని రాశాము. భాష అన్నచోట తెలుగు అని రాశాము. నాన్నగారి ఉత్తరాలలో మూడు మిగిలి ఉన్నాయి. వాటిని ఆ పుటలోనే అంటించాము. ఎవరైనా తీసి చదువుకోవచ్చు.

ఓ అల్లాహ్! మా తల్లిదండ్రులను, మా తాతముత్తాతలను క్షమించు. వారి చేతులకంటిన దూదిని, మట్టిని, సున్నాన్ని, చేపల వాసనను మా కళ్ళకు గౌరవంగా కనబడనీయి. మేము దాచిన ఉత్తరాలకు, చెరిపిన పేర్లకు మమ్మల్ని మన్నించు. ఈ దేశంలో, ఈ నేల మీద, ఇక్కడి భాషలో నీ ముందు తప్ప ఎవరి ముందూ చిన్నబోకుండా బతికే శక్తి మా పిల్లలకు ప్రసాదించు. ఆమీన్.